రోళ్లపాడు బట్టమేక పిట్ట: చేలకు నీళ్లొచ్చాక ఏమైంది?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక పిట్ట గురించి, దానికంటే ఎక్కువగా అది బతికిన చేల గురించి మాట్లాడుకుందాం. తెలుగులో దీని పేరు బట్టమేక పిట్ట. పిట్ట అంటున్నాం గానీ, మగది 15 కిలోల దాకా తూగుతుంది, మీటరు ఎత్తుంటుంది. జాతీయ పక్షిని ఎంచుకునే చర్చలో సలీం అలీ దీని పేరే సూచించారు. చివరికి 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

చూడండి, ఇది అడవి పిట్ట కాదు. చెట్లు గుబురుగా ఉన్నచోట ఉండలేదు. నాలుగు వైపులా దూరం దాకా కనబడాలి దానికి. గడ్డి బీళ్లు, మధ్యమధ్యలో జొన్న, కొర్ర, బుడ్డల చేలు, అంటే పాత కర్నూలు జిల్లా మెట్ట నేలలన్నమాట. వానాధార సేద్యంలో రైతు ఏడాదికి ఒక్క పంట వేస్తాడు, కొంత భూమి పడావు పెడతాడు, అందులో గొర్రెలు మేస్తాయి. ఆ గడ్డిలో మిడతలు, పురుగులు, తొండలు. పిట్టకు తిండికి లోటు లేదు. గూడు కూడా కట్టదు, నేలమీదే, ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఆ ఒక్కటి కాలికింద పడినా, నాగలికింద పడినా ఆ ఏడు అంతే.

కాబట్టి సేద్యం ఈ పిట్టకు శత్రువు అని నేననను. వందల ఏళ్లు రైతు పక్కనే బతికింది. మారింది సేద్యం తీరు.

రోళ్లపాడు ఇప్పుడు నంద్యాల జిల్లాలో, మిడుతూరు మండలంలో ఉంది. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ మకాం వేసి ఈ పిట్టను చదివారు. 1988లో ప్రభుత్వం అభయారణ్యం ప్రకటించింది. విస్తీర్ణం ఎంతో తెలుసా? 6.14 చదరపు కిలోమీటర్లు. మైళ్ల కొద్దీ తిరిగే పిట్టకు అది పెరడంత. గుడ్డు పెట్టే చోటు కంచె లోపల దొరికింది, మిగతా బతుకంతా కంచె బయట రైతుల చేలల్లోనే.

ఆ బయటి చేలే మారిపోయాయి. అభయారణ్యం పక్కనే అలగనూరు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ వచ్చింది, కాలువలు వచ్చాయి. జొన్న, కొర్ర వేసినచోట పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు, నీళ్లు అందినచోట వరి. పడావు భూమి అనేది లేకుండా పోయింది. ఏడాది పొడవునా మనుషులు, మోటార్లు, పురుగుమందులు. మిడతలు పోతే పిట్ట ఏం తింటుంది?

ఇక్కడ రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు. రాయలసీమలో నీళ్ల కోసం ఎన్ని తరాలు ఎదురుచూశాయో మనకు తెలుసు. కాలువ ఇంటి ముందుకొస్తే పిట్ట కోసం జొన్న వేసుకోమని ఎవరు చెప్పగలరు? పైగా అభయారణ్యం వచ్చాక కృష్ణజింకల మందలు పెరిగాయి, అవి కంచె దాటి పంటలు మేశాయి. నష్టపోయిన రైతు జింకను తిట్టాడు, పిట్టనూ తిట్టాడు. ఆయన లెక్కలో రెండూ సర్కారు జంతువులే.

నాకు కోపం వచ్చేది ఇంకో మాట మీద. మన రెవెన్యూ లెక్కల్లో గడ్డి నేలకు పేరేంటి? బంజరు. శిస్తు రాని భూమి పనికిరానిది అనే తెల్లదొరల కాలపు లెక్క అది. అడవి నరికితే కనీసం ఎవరో ఒకరు అడుగుతారు. గడ్డిబీడు దున్నితే, చెట్లు నాటితే, సోలార్ ప్యానెళ్లు పరిస్తే దాన్ని అభివృద్ధి అంటాం. గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది కూడా ఈ మెట్ట ప్రాంతంలోనే.

ఇవాళ దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగే ఈ పిట్టలు సుమారు 150 అని అంచనా, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపే. అక్కడ 2019 నుంచి గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లల్ని పెంచుతున్నారు. అవి పెద్దయ్యాక వదలడానికి గడ్డి నేల, చుట్టూ మెట్ట సేద్యం ఉన్న చోటు కావాలి. రోళ్లపాడులో కంచె లోపల గడ్డి ఇంకా ఉంది. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే హారియర్ గద్దలు సాయంత్రానికి అక్కడ చేరి, ఆ గడ్డిలో నేలమీదే నిద్రపోతాయి. బట్టమేక పిట్ట మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూసినా కనబడడం గగనమైపోయింది.