లెక్కకు రాని తోట

షాలిమార్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది రైలు. కోరమాండల్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు ఇప్పుడు హౌరా పెద్ద స్టేషన్‌కు పోకుండా ఇక్కడే ఆగిపోతున్నాయి. దిగినవాళ్లు సామాన్లు లెక్కబెట్టుకుని, టాక్సీ బేరమాడి, హుగ్లీ దాటి కలకత్తా వెళ్లిపోతారు. పక్కనే శిబ్‌పూర్‌లో ఉన్న బొటానికల్ గార్డెన్ వైపు చూసేవాళ్లు తక్కువ. నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగి, ఉద్యోగం పేరుతో ఈ ఒడ్డున స్థిరపడ్డవాణ్ణి. ఆ తోట కథలో మన సామర్లకోటకూ వాటా ఉందని తెలిశాక దాన్ని వదల్లేకపోయాను.

రాబర్ట్ కిడ్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కల్నల్. షాలిమార్‌లో తన ఇంటి దగ్గర సొంతంగా ఓ తోట పెంచుకునేవాడు. 1786లో ప్రభుత్వానికి అర్జీ పెట్టేసరికి మాత్రం సరదా మాట ఎత్తలేదు. వింత కోసం అరుదైన మొక్కలు పోగేయడం తన ఉద్దేశం కాదన్నాడు. 1770 నాటి బెంగాల్ కరువు ఇంకా జనం మరవలేదు. అందుకని సగ్గుబియ్యమిచ్చే చెట్లు, ఓడలకు టేకు, వ్యాపారానికి సుగంధ ద్రవ్యాలు పెంచుతానన్నాడు. కంపెనీకి అర్థమయ్యే భాష అదే. 1787లో తోట వెలిసింది.

తీరా చూస్తే టేకు ఈ ఒండ్రు నేలలో సరిగా ఎదగలేదు. లవంగం, జాజికాయ ఇక్కడి వాతావరణానికి తట్టుకోలేదు. 1820 ప్రాంతంలో టేకు వేసిన నేలను బిషప్స్ కాలేజీకి ఇచ్చేశారు. ఇప్పుడక్కడ ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఉంది. తేయాకు మాట వేరు. 1830లలో చైనా నుంచి తెప్పించిన విత్తనాలు ఈ తోటలో మొలకెత్తాకే అస్సాం కొండలకు వెళ్లాయి. షాలిమార్‌లో బండి దిగి మట్టి భాడ్‌లో టీ తాగేవాళ్లు ఈ తోటకు కాస్త బాకీ ఉన్నట్టే.

1793లో కిడ్ పోయాక వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. వృత్తికి డాక్టరు. 1781 నుంచి సామర్లకోటలో ఉండి మిరియం, కాఫీ, దాల్చిన చెక్క పెంచి చూశాడు. స్థానిక చిత్రకారుల చేత చెట్టూ చేమా బొమ్మలు వేయించాడు. మోదుగ, బిల్లు, సోమిద అంటూ తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. మద్రాసులో ఉన్న రోజుల నుంచీ మరో అలవాటు ఉండేది: రోజుకు మూడుసార్లు బారోమీటరు, థర్మామీటరు చూసి రాయడం. ఒక వరదలో పుస్తకాలూ కాగితాలూ కొట్టుకుపోతే మళ్లీ మొదలుపెట్టాడు. అలా పోగైన బొమ్మల్లోంచి ఎంచిన 300 పటాలతో, 1795 నుంచి 1820 దాకా కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. ఆయన నివాసముండిన మేడ తోటలో నది ఒడ్డున నేటికీ ఉంది.

నాకూ ఒక నోట్‌బుక్ ఉండేది. రోజులో నచ్చిన చిన్న సంగతి ఒకటి రాసేవాణ్ణి: నాగలింగం పూసింది, ఫెర్రీలో గాలి బాగుంది, పక్క సీటాయన పూతరేకులు పంచాడు. ఉద్యోగంలో బాధ్యతలు పెరిగాక అది అటకెక్కింది. రిటైరయ్యాక దించి, చివర రాసిన పేజీ కిందే కొత్త తేదీ వేశాను. మధ్య ఏళ్లకు సంజాయిషీ ఏమీ రాయలేదు. వరద తర్వాతి పేజీల్లో రాక్స్‌బర్గ్ ఏడుస్తూ కూర్చుని ఉంటే మనకు ఆ బొమ్మలు దక్కేవి కావు కదా!

ఈ తోటకు ఇప్పుడు జనాన్ని రప్పిస్తున్న పెద్ద మర్రిని ఏ పథకమూ నాటలేదు. ఈతచెట్టు మీద పడ్డ గింజ నుంచి మొలిచిందని చెబుతారు. 1864, 1867 తుపానులకు దెబ్బతిని, బూజు పట్టిన మూలకాండాన్ని 1925లో కొట్టేశారు. అయినా మూడు వేలకు పైగా ఊడల మీద నిలబడి ఇంకా విస్తరిస్తోంది. దాని వల్ల కంపెనీకి కానీ లాభం లేదు.

ఈసారి షాలిమార్‌లో దిగితే ఓ పూట ఈ తోటకివ్వండి. ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే పనిలేక అని చెప్పండి. కిడ్ అర్జీలో రాయడానికి మొహమాటపడ్డ కారణం కూడా అదే అయ్యుంటుందని నా నమ్మకం.