ఆసు యంత్రం: పాత భాగాల కలయికకు పేటెంటు

పోచంపల్లి చీర నేతలో పేక నూలుకు రంగు అద్దే ముందు చిటికీ కట్టాలి (రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టాలి), దానికన్నా ముందు ఆసు పోయాలి. అంటే అర్ధచంద్రాకారపు చట్రంలో వరుసగా దిగ్గొట్టిన మేకుల చుట్టూ నూలుపోగును తిప్పుతూ పరచాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి గనుక, ఎక్కువగా స్త్రీలే చేసే ఈ పనిలో రోజుకు రెండు చీరలకు ఆసు పోసేసరికి భుజాలు పట్టేసేవి.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూడలేక 1992లో యంత్రం కట్టడానికి పూనుకున్నారు. ఆరో తరగతితోనే చదువు ఆగిన ఆయన ఒక్కో భాగాన్నీ సాధించుకుంటూ వచ్చినా, మేకు చుట్టూ పోగు తిరిగే కదలిక దగ్గర పని నిలిచిపోయింది. 1999లో హైదరాబాదులోని బాలానగర్‌లో వేరే పని మీద ఉండగా అక్కడి ఒక యంత్రం కదిలే తీరు గమనించాక ఆ చిక్కు వీడింది. నాలుగైదు గంటల పనిని గంటన్నరకు తగ్గించిన లక్ష్మీ ఆసు యంత్రానికి తరువాత పేటెంటు దక్కింది.

ఈ యంత్రంలోని మోటారు పాతది, మేకుల చట్రం పాతది, బాలానగర్‌లో కనబడిన కదలికా అప్పటికే ఉన్నది. ఇలాంటి కలయికలో కొత్తదనం ఎక్కడుందన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1978లో, పాత్రల తయారీ సాధనంపై బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ సంస్థల మధ్య నడిచిన వ్యాజ్యంలో స్పష్టమైన సమాధానం చెప్పింది: తెలిసిన భాగాలు పరస్పరం పనిచేసి కొత్త ప్రక్రియనో మెరుగైన ఫలితాన్నో ఇస్తే ఆ కూర్పు పేటెంటుకు అర్హం, భాగాల వట్టి కుప్ప మాత్రం కాదు. ఆ వ్యాజ్యంలోని పేటెంటు ఈ పరీక్షకు నిలవలేదు. దేనికదే తన పాత పని చేసుకునే పరికరాల అమరికను ఆవిష్కరణగా గుర్తించరాదని 1970 పేటెంట్ల చట్టంలోని 3(ఎఫ్) నిబంధన కూడా చెబుతుంది.

అమెరికా సుప్రీంకోర్టు 2007లో కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ సంస్థల వ్యాజ్యంలో మరింత కఠినంగా, ఆ రంగంలోని సామాన్య నిపుణుడికీ కొంత సృజన ఉంటుందని, అతడు సహజంగానే జతచేయగల భాగాల కూర్పు అతడికి తేటతెల్లమేనని, కాబట్టి పేటెంటుకు తగదని తేల్చింది. ఈ వాదనను ఆసు యంత్రానికి వర్తింపజేసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి: నిపుణుడిని 1999కి ముందు పోచంపల్లి మగ్గం దగ్గర నిలబెట్టి చూడాలి గాని, పూర్తయిన యంత్రాన్ని చేతికిచ్చి అడగకూడదు. మోటార్లు ఊరూరా తిరుగుతున్నా, భుజాల నొప్పి ఇంటింటా తెలిసినా, ఆ నొప్పి తీర్చేలా మోటారును ఆ కదలికతో కలిపే ఆలోచన నేతవారి పూర్వజ్ఞానంలో లేకపోవడమే ఈ కలయిక తేటతెల్లం కాదనడానికి బలమైన ఆధారం.