బ్లిడా ఆస్పత్రిలో కాఫీ హోటలు

1953లో, ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని అల్జీరియాలో, బ్లిడా మానసిక వైద్యశాలకు ఫ్రాంజ్ ఫనాన్ డాక్టరుగా వచ్చాడు. మార్టినిక్ దీవిలో పుట్టిన నల్లవాడు. అల్జీరియన్లు పుట్టుకతోనే ఎదగని బుర్రలని ఆంట్వాన్ పోరో, అతని శిష్యులు అప్పటికే 'శాస్త్రం' చెప్పి ఉన్నారు. పుట్టుకని బట్టి మనిషిని కొలిచే శాస్త్రం మనకి కొత్తదేం కాదు.

ఫనాన్ వార్డుల్లో పాటలు, సినిమాలు, పత్రిక, చేతిపనులు పెట్టాడు. యూరపు స్త్రీలు కోలుకోసాగారు. ముస్లిం పురుషులు మాత్రం పలకలేదు. వాళ్ల భాష అతనికి రాదు, మధ్యలో దుబాసీ. 'వీళ్లింతే' అనేసి చేతులు దులుపుకోవచ్చు. ఫనాన్ అలా అనలేదు, తన పద్ధతినే అనుమానించాడు. 1954లో సహచరుడు జాక్ అజూలేతో కలిసి తమ పొరపాటుని అచ్చులోనే ఒప్పుకున్నాడు. వార్డులోకి వాళ్ల కాఫీ హోటలొచ్చింది, కథకుడొచ్చాడు, వాళ్ల పండగలొచ్చాయి.

అయితే బయట బానిసత్వం అలాగే ఉంటే లోపల మనసు ఎంతకని బాగుపడుతుంది? 1956లో ఫనాన్ రాజీనామా చేసి, విముక్తి పోరాటంలో పూర్తిగా కలిసిపోయాడు.

మనవాళ్లు డాక్టరు ముందు నోరు విప్పకపోతే, 'మొద్దు' అని రాసుకునే ముందు, ఆ గదిలో ఎవరి భాష నడుస్తోందో అడగాలంటున్నాం.