18 నెలలు, 7 రోజులు: కలరా టీకా నేర్పిన సంగతి

గోదావరి వరద అనగానే మనం బియ్యం, పడవలు, టార్పాలిన్ల గురించే మాట్లాడుకుంటాం. టీకాల గురించి ఎవరూ అడగరు. అందుకే ఇది రాస్తున్నా.

2010 జనవరిలో హైతీ దేశాన్ని భూకంపం కూల్చేసింది. లక్షల మంది గుడారాల్లో పడ్డారు. అక్టోబర్‌లో కలరా మొదలైంది. భూకంపం వల్లే వచ్చిందనుకుంటారు గానీ కాదు. ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల క్యాంపు మురుగు ఏట్లో కలిసింది, ఆ నీళ్లు తాగే పల్లెలకు ముందు అంటుకుంది. మొత్తం మీద దాదాపు 10 వేల మంది పోయారు.

టీకా లేక కాదు. సూది లేకుండా నోట్లో పోసే షాంకాల్ టీకాను మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ అప్పటికే తయారు చేస్తోంది. కానీ నిల్వ చాలా కొంచెం. ఆ కొంచెం ఎవరికి వేస్తారు, ముందు మంచినీళ్లు, మరుగుదొడ్లు చూడాలి కదా అని నిపుణుల్లో వాదన నడిచింది. నీళ్లు ముఖ్యమే, ఒప్పుకుంటా. కానీ పైపులు వేసేదాకా రోగం ఆగుతుందా? చివరికి 2012 ఏప్రిల్‌లో, అంటే 18 నెలలకి, సుమారు లక్ష మందికి టీకా వేశారు.

ఆ తర్వాత 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర నిల్వ పెట్టించింది. మొదట 20 లక్షల డోసులే. దాని విలువ 2019లో మొజాంబిక్‌లో తెలిసింది. మార్చి 14 రాత్రి ఇదాయ్ తుపాను బైరా నగరం దగ్గర తీరం దాటింది. 27న కలరా వచ్చిందని ప్రకటించారు. ఏప్రిల్ 2కల్లా దాదాపు 9 లక్షల డోసులు దిగాయి, 3న వేయడం మొదలుపెట్టారు. ఏడు రోజులు! వారంలోనే 8 లక్షల మందికి పైగా అందింది. కేసులు 6 వేలు దాటినా చావులు పదికి లోపే. ఇదంతా టీకా గొప్పే అనను, వైద్య శిబిరాలు కూడా వెంటనే పెట్టారు.

అయితే నిల్వ ఎప్పుడూ నిండుగా ఉండదు. కొరత వల్ల 2022 అక్టోబర్ నుంచి రెండు డోసులకు బదులు ఒక్కటే ఇస్తున్నారు. షాంకాల్ తయారీ కూడా ఆగిపోయింది. 2024లో భారత్ బయోటెక్ హిల్‌కాల్ తెచ్చింది, అదీ హైదరాబాదే.

ఇక మన దగ్గరికి వద్దాం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటప్పుడు పిల్లల మామూలు టీకాల గతేంటి? టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పీహెచ్‌సీలో ఉండే ఐఎల్‌ఆర్ ఫ్రిజ్‌కి రోజుకి కనీసం 8 గంటలు కరెంటు కావాలి. అక్కడి నుంచి గూడేనికి ఏఎన్‌ఎం అక్క భుజాన నాలుగు ఐస్ ప్యాకుల డబ్బా, అంతే. వాగు పొంగితే ఆ డబ్బా ఆగిపోద్ది. మీ పీహెచ్‌సీలో జనరేటర్ నడుస్తోందా, డీజిల్ ఉందా? జూన్ లోపే అడిగి కామెంట్లో మండలం పేరుతో పెట్టండి, అన్నీ కలిపి ఐటీడీఏకి అర్జీ రాద్దాం.