తీవ్ర విరూపణంతో మారే లోహ స్ఫటిక విన్యాసం

అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు కాగా, మెగ్నీషియం సాంద్రత 1.74 గ్రాములు మాత్రమే. వాహనాల బరువు తగ్గించగోరే ఇంజనీర్లను ఈ లోహం చిరకాలంగా ఆకర్షిస్తోంది. అయితే సాధారణ ఉష్ణోగ్రత వద్ద దాని రేకును వంచితే తేలికగా పగులుతుంది. ఇందుకు ప్రధాన కారణం స్ఫటికాల అమరికే.

ప్రతి లోహపు ముక్క అసంఖ్యాక సూక్ష్మ స్ఫటికాల సమూహం. వాటిలో అధిక భాగం ఒకే దిశకు మొగ్గి ఉంటే ఆ ధోరణిని స్ఫటిక విన్యాసం అంటారు. మెగ్నీషియం స్ఫటికంలో పరమాణువులు షడ్భుజాకారపు పొరలుగా, విస్తరాకుల దొంతరలా పేర్చి ఉంటాయి. ఈ పొరలు ఒకదానిపై ఒకటి జారితేనే లోహం సులువుగా సాగుతుంది. రోలర్ల మధ్య ఒత్తి చేసిన రేకులో పొరలు చాలావరకు రేకుకు సమాంతరంగా పడుకుంటాయి. దొంతరను పైనుంచి ఎంత అదిమినా ఆకులు జారవు. ఏటవాలుగా నిలిపి నొక్కితే జారిపోతాయి.

పొరలను అలా ఏటవాలుగా తిప్పగల మార్గాలలో తీవ్ర ప్లాస్టిక్ విరూపణం ముఖ్యమైనది. 1930వ దశకంలోనే హార్వర్డ్ శాస్త్రవేత్త పెర్సీ బ్రిడ్జ్‌మన్ లోహాన్ని తిరగలి రాళ్ల వంటి దిమ్మెల నడుమ అపార పీడనంతో నొక్కుతూ మెలిపెట్టారు. 1970వ దశకంలో సోవియట్ యూనియన్‌లోని మిన్స్క్ నగరంలో వ్లాదిమిర్ సెగల్ బృందం మరో పద్ధతిని రూపొందించింది. అందులో కడ్డీని మోచేయిలా వంగిన మార్గం గుండా నెడతారు. మార్గం వెడల్పు అంతటా ఒక్కటే కనుక కడ్డీ సన్నబడదు, అదే కడ్డీని మళ్లీ మళ్లీ నెట్టవచ్చు. మలుపు వద్ద లోహం పక్కకు జరుగుతూ సాగడంతో రేణువులు చిన్నవై, పొరలు కొత్త దిశకు తిరుగుతాయి. మెగ్నీషియాన్ని మాత్రం వేడిచేసి నెట్టాలి, లేకుంటే మలుపులోనే పగిలిపోతుంది.

రేణువులు చిన్నవైన కొద్దీ లోహం దృఢమవుతుందన్నది హాల్, పెచ్ 1950వ దశకం తొలి ఏళ్లలో స్థాపించిన నియమం. 3 శాతం అల్యూమినియం, 1 శాతం జింకు గల మెగ్నీషియం మిశ్రలోహంలో ఫలితం అందుకు భిన్నంగా కనిపించింది. మలుపు మార్గంలో నెట్టాక రేణువులు చిన్నవైనా, కడ్డీ తక్కువ బలానికే సాగడం మొదలుపెట్టింది. తెగేలోపు మునుపటికన్నా ఎక్కువ సాగింది. పొరలు కడ్డీ అక్షానికి దాదాపు 45 డిగ్రీల వాలులోకి రావడమే ఇందుకు కారణం. రేణువుల పరిమాణంకన్నా విన్యాసమే ఇక్కడ బలంగా పనిచేసింది. అయితే ఈ లాభం దిశను బట్టి ఉంటుంది: అదే కడ్డీని అడ్డంగా లాగితే ఫలితం వేరు. రెండు నెట్టుడుల మధ్య కడ్డీని ఎటు తిప్పారన్నదాన్ని బట్టి కూడా తుది విన్యాసం మారుతుంది.