రేవు కట్టేసిన రెండు నెలలు

కన్నడ మాధ్యమంలో చదివిన మాకు బడిలో వానలంటే రెండే: ముంగారు, హింగారు. జూన్‌లో వచ్చేది ముంగారు, అక్టోబరులో తిరిగి వచ్చేది హింగారు. మా బళ్ళారి నల్లరేగడిలో జొన్నకీ శనగకీ హింగారే దిక్కు. అందుకని ఆ గాలి అంటే మాకు మంచి గాలి అనే లెక్క. అదే గాలి తూర్పు తీరం మీద ఏం చేసేదో, అక్కడి మనవాళ్ళు దాన్ని చూసి ఎందుకు లంగరు ఎత్తేసేవారో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా ఇంట్లో ఒక మాట ఉంది. పెళ్ళి మాటలు గానీ, ఇంటి పని గానీ మధ్యలో ఆగిపోతే పెద్దవాళ్ళు "రేవు కట్టేశారు లే" అంటారు. బళ్ళారికి ఎటు చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మరి ఈ మాట ఎక్కడిది? మా శాఖ గోదావరి మొగ దగ్గర నుంచి వచ్చిందని చెప్పుకుంటాం. రేవులు నిజంగానే ఏటా రెండు నెలలు కట్టేసిన కాలం ఒకటుంది. ఆ చరిత్రే ఇక్కడ చెప్పుకుందాం.

ముందు ఒక సంగతి. ముంబైలో, కార్వార్ వైపు ఉన్న తెలుగువాళ్ళకి సముద్రం మూతపడేది వానాకాలంలో. శ్రావణంలో నారళీ పూర్ణిమకి కొబ్బరికాయ సమర్పించి, ఆ తర్వాత పడవలు దింపుతారు. అక్కడ చలికాలం అంటే ప్రశాంతమైన సముద్రం, పడవలకి మంచి రోజులు. తూర్పు తీరం లెక్క వేరు. ఇక్కడ చలికాలంలో ఒకటి కాదు, రెండు సముద్రాలున్నాయి.

మొదటిది ఆశ్వయుజం, కార్తీకాల సముద్రం. నైరుతి వెనక్కి తగ్గాక గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. బంగాళాఖాతం నీళ్ళు అప్పటికింకా వెచ్చగానే ఉంటాయి. వాయుగుండాలు అక్కడే బలం పుంజుకుని తీరానికి వస్తాయి. అదే సమయంలో తీరం వెంబడి నీటి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. మద్రాసు నుంచి కలకత్తాకి తెరచాపతో పోవాలంటే గాలీ ఎదురే, నీళ్ళూ ఎదురే.

రెండోది పుష్యం, మాఘాల సముద్రం. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి నీళ్ళు చల్లబడతాయి, తుఫానులు అరుదవుతాయి. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంది, మధ్యాహ్నం దాటాక సముద్రం నుంచి నేల వైపు తిరుగుతుంది. తెరచాప పడవ వాడికి ఇంతకంటే ఏం కావాలి? చీకటితో ఒక గాలి పట్టుకుని పోయి, పొద్దు వాలేలోపు ఇంకో గాలితో ఇంటికి రావచ్చు. ఫిబ్రవరి నాటికి తీరపు ప్రవాహం కూడా దిక్కు మార్చుకుని ఉత్తరానికి సాగుతుంది.

ఈ రెండు సముద్రాల మధ్య గీత గీసింది ఈస్టిండియా కంపెనీ కాలపు ఓడల వ్యాపారం. మద్రాసులో అక్టోబరు 15న కోట జెండా స్తంభాన్ని దించేసేవారు, డిసెంబరు 15 దాకా మళ్ళీ ఎత్తేవారు కాదు. ఆ రెండు నెలలు తీరం మూతపడినట్టే. ఒడిశాలో ధామ్రా దగ్గరి పామైరాస్ మొన మొదలు సింహళం దాకా, ఈ గడువులో తీరానికి దగ్గరగా వచ్చిన ఓడకి బీమా చెల్లేది కాదు. ఆ గీతని మ్యాపు మీద గీసి చూడండి. గంజాం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కోరంగి, యానాం, మచిలీపట్నం, మద్రాసు, పుదుచ్చేరి అన్నీ అందులోకే వస్తాయి. మనలో చాలామంది పూర్వీకుల ఊళ్ళు ఆ గీత మీదే ఉన్నాయి.

ఎందుకింత భయం? ఈ తీరంలో పెద్ద ఓడ తలదాచుకునే చోట్లు బహు తక్కువ. మద్రాసులో ఓడలు తెరిచి ఉన్న సముద్రంలోనే లంగరు వేసుకోవాలి. తూర్పు నుంచి గాలి లేచిందంటే ఓడ నేల వైపు కొట్టుకొస్తుంది. లంగరు తాడు తెగితే ఇసుకలోకే. కాబట్టి గాలివాన వాసన తగలగానే తాడు కోసుకుని నడిసముద్రంలోకి పారిపోవడమే అప్పటి ఉపాయం.

ఓడకీ ఒడ్డుకీ మధ్య పనంతా మసూలా పడవలదే. పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. కెరటం గుద్దితే మేకు పడవ పగులుతుంది, కుట్టు పడవ వంగుతుంది. ఒడ్డు దగ్గర కెరటాలు వరసలు వరసలుగా విరిగే చోట సరుకులైనా, దొరలైనా, సిపాయిలైనా ఇందులోనే దిగాలి. పడవ బోల్తా పడితే నీళ్ళలో పడ్డవాళ్ళని ఎత్తడానికి పక్కన కట్టుమరాలు వెంట వచ్చేవి. ఇంత నేర్పు ఉన్న ఆ పడవవాళ్ళు కూడా కెరటం బాగా లేచిన రోజు తెడ్డు పట్టేవారు కాదు.

మాలో ఒకరి పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది ఏ పరిస్థితిలో వస్తోందో ముందు రాసుకోవడం ఆ పనిలో అలవాటు. ఈ తీరం చరిత్రని కూడా అలాగే, సంవత్సరం పక్కన పెట్టి నెల చూస్తూ రాసుకున్నాం.

1746 అక్టోబరు. ఫ్రెంచివాళ్ళ నౌకాధిపతి లా బూర్దొనే మద్రాసుని పట్టుకుని నెల తిరగకుండానే గాలివాన వచ్చి అతని ఓడల దండుని చెల్లాచెదురు చేసింది. వెయ్యి మందికి పైగా మునిగిపోయారు. కోట గెలిచినవాడు సముద్రం దగ్గర ఓడిపోయాడు.

1761 జనవరి 1. ఈసారి పుదుచ్చేరిని ముట్టడించిన ఇంగ్లీషు ఓడల వంతు. గడువు దాటింది కదా అనుకునే సమయంలో వచ్చిన తుఫానుకి ఆరు ఓడలు, సుమారు 1,100 మంది పోయారు. అయినా రెండు వారాలకే పుదుచ్చేరి లొంగిపోయింది.

1789 డిసెంబరు, మళ్ళీ 1839 నవంబరు 25. రెండూ కోరంగి మీదికే. యానాం పక్కనే, గోదావరి పాయ మీద ఓడలు కట్టే ఊరు కోరంగి. మొదటిసారి మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచాయి, వేల మంది చనిపోయారు. యాభై ఏళ్ళకి ఉప్పెన మళ్ళీ వచ్చింది. కలకత్తాలో ఉండి బంగాళాఖాతం తుఫానుల్ని పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి ఉప్పెనల వివరాలు పోగుచేశాడు. 1848లో అచ్చయిన పుస్తకంలో సుడి తిరిగే గాలివానకి 'సైక్లోన్' అనే పేరు పెట్టింది ఆయనే. అంటే ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన కోరంగి కన్నీళ్ళు కూడా ఉన్నాయి.

1864 నవంబరు 1. మచిలీపట్నం. ఒక్క రాత్రి ఉప్పెనకి సుమారు 30,000 మంది. 1977 నవంబరు 19. దివిసీమ. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది.

చూశారు కదా, నెలలు ఎలా గుమిగూడాయో! ఈ తీరం మనుషుల్ని ఎక్కువగా తిన్నది హింగారు కాలంలోనే.

ఇక్కడే మమ్మల్ని ఆపిన ప్రశ్న ఒకటుంది. జెండా దించింది ఎవరి కోసం? బీమా ఉన్న ఓడ కోసం, దాని సరుకు కోసం. పెద్ద ఓడ అక్టోబరులో లంగరు ఎత్తి వెళ్ళిపోగలదు. తెప్ప ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? కోరంగిలో ఓడలకి పలకలు కోసే వడ్రంగి, ఉప్పు కొఠారులో కూలీ, మొగ దగ్గర వల వేసే కుటుంబం ఆ రెండు నెలలూ అక్కడే ఉండాలి. 1789లో, 1839లో, 1864లో చచ్చిపోయింది వాళ్ళే. తేదీల కాగితం సరుకుని కాపాడింది గానీ ఒడ్డు మీది మనిషిని కాపాడలేదు.

సముద్రం తెరుచుకున్నాక మరో కదలిక మొదలయ్యేది. ఆవిరి ఓడలు వచ్చాక గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు గోపాలపురం, కాకినాడ లాంటి రేవుల నుంచి రంగూన్ వెళ్ళేవారు. బర్మాలో వరి కోతలు, ఆ తర్వాత బియ్యం మిల్లుల రద్దీ, ఇవన్నీ చలికాలపు పనులే. పని అయ్యాక చాలామంది తిరిగి వచ్చేవారు. బర్మాలో తెలుగువాళ్ళని 'కొరంగీలు' అనేవారు. కోరంగి రేవు ఇసుక మేటతో మూతపడ్డా, దాని పేరు సముద్రం అవతల మనుషుల మీద మిగిలిపోయింది. ఒడిశాలోని తెలుగు ఇళ్ళలో కార్తీక పౌర్ణమి నాటి బొయిత బందాణ చూసే ఉంటారు. బాలి, జావాలకి పోయిన వర్తకుల్ని తలుచుకుంటూ ఆ ఉదయం చిన్న చిన్న పడవలు నీళ్ళలో వదులుతారు. ఆంధ్రలో కార్తీక అమావాస్య మర్నాడు పోలిస్వర్గానికి అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. రెండింటి కథలూ వేరు. రెండూ వచ్చేది మాత్రం ఒకే గాలి కాలంలో.

మరి మనుషుల్ని కాపాడే ఏర్పాట్లు ఎప్పుడొచ్చాయి? 1864లోనే అక్టోబరులో కలకత్తా, నవంబరులో మచిలీపట్నం దెబ్బతిన్నాక, 1865లో కలకత్తా రేవుకి తుఫాను హెచ్చరికలు మొదలుపెట్టారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవులో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు ఆ దారిలో వచ్చినవే. మద్రాసులో గోడలు కట్టి హార్బరు చేద్దామంటే 1881 నవంబరు తుఫాను ఆ కట్టడాన్నే విరగ్గొట్టింది, మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున విశాఖ హార్బరుని 1933 డిసెంబరు 19న ప్రారంభించారు. కాకినాడకి మాత్రం గోదావరే గోడ కట్టింది. నది తెచ్చిన ఇసుక రెండు వందల ఏళ్ళలో హోప్ ఐలండ్‌గా పెరిగి, ఆ అఖాతానికి అడ్డుగా నిలబడింది.

ఇంత జరిగినా పాత ప్రశ్న పోలేదు. 1996 నవంబరు 6న కాకినాడ దిగువన, కోనసీమ మీదికి వచ్చిన తుఫానుకి వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకి వెళ్ళి తిరిగి రాని మత్స్యకారులు ఆ లెక్కలో ఎందరో. ఇవాళ తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేప గుడ్లు పెట్టే కాలం కోసం. ప్రమాదకరమైన అక్టోబరు, నవంబరు నెలల్లో అలా ముందే రాసిపెట్టిన సెలవు లేదు, హెచ్చరిక వచ్చిన రోజుల్లోనే ఆగాలి. కాబట్టి ఆ హెచ్చరిక నడిసముద్రంలో ఉన్న చివరి పడవ దాకా చేరడమే అసలు సంగతి. ఈ మధ్య తుఫానుల్లో ముందే ఊళ్ళు ఖాళీ చేయించి, పడవల్ని వెనక్కి పిలిచి ప్రాణాలు దక్కించుకుంటున్నాం. రెండు వందల ఏళ్ళ కిందట బీమా ఓడకే దక్కిన ఆ ముందు జాగ్రత్త ఇప్పుడు తెప్పకీ దక్కుతోంది. ఇది చిన్న మార్పు కాదు.

వంశవృక్షాలు రాసుకునే మనలాంటి కుటుంబాలకి దీంట్లో ఒక పని ఉంది. మనం మామూలుగా సంవత్సరమే రాస్తాం: ఫలానా ఏట బయలుదేరారు, ఫలానా ఏట పోయారు. తీరం నుంచి వచ్చిన కుటుంబమైతే నెల కూడా అడగండి. పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నెల గుర్తుండదు, "దీపావళి వెళ్ళాక", "సంక్రాంతికి ముందు" అంటారు. అదే చాలు. సంక్రాంతి తర్వాత అంటే ఓడ మీద వచ్చి ఉండవచ్చు. దీపావళికీ ధనుర్మాసానికీ మధ్య అంటే బండి బాటనే నడిచారేమో, లేదా ఉప్పెన తరిమితే వచ్చారేమో. గోదావరి, కృష్ణా మొగల దగ్గరి ఊరి పేరు, దాని పక్కన కార్తీకంలో పోయినవాళ్ళ పేర్లు నాలుగైదు ఒకేచోట కనిపిస్తే, ఆ ఏడాది సముద్రం ఏం చేసిందో ముందు చూడండి.