డబ్బు ఎవరి చేతికి ఇచ్చారు? ఆఫ్ఘనిస్తాన్ పల్లెల కథ

"ఫలానా దేశానికి ఇన్ని కోట్ల డాలర్ల సాయం" అని ఫోన్‌లో న్యూస్ వస్తుంది. మనం చూసి స్వైప్ చేసేస్తాం. మరి ఆ డబ్బు ఊరి దాకా చేరిందా? ఇవాళ ఇదే ప్రశ్న ఆఫ్ఘనిస్తాన్ హిస్టరీని అడుగుదాం.

2001 చివర్లో తాలిబన్ ప్రభుత్వం కూలిపోయింది. అప్పటికే అక్కడ 20 ఏళ్లకు పైగా యుద్ధం. ప్రపంచ దేశాలు సాయం ప్రకటించాయి. కానీ అందులో చాలా డబ్బు ఆఫ్ఘన్ ఖజానాకి వెళ్లలేదు. విదేశీ సంస్థలు, వాళ్ల కాంట్రాక్టర్లు, మళ్లీ వాళ్ల సబ్ కాంట్రాక్టర్లు... ఇలా చేతులు మారుతూ వెళ్లింది.

అప్పట్లో కాబూల్‌లో పనిచేసిన క్లేర్ లాక్‌హార్ట్ ఒక సంగతి చెప్పారు. బామియాన్ వైపు పల్లెల్లో ఇళ్ల కోసం సాయం ప్రకటించారట. డబ్బు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి వెళ్లిన ప్రతిసారీ కొంత కోత పడింది. మిగిలిన దాంతో ఇరాన్ నుంచి దూలాలు తెప్పించారు. తీరా చూస్తే, అక్కడి మట్టి గోడలు ఆ బరువు మోయలేవు! జనం వాటిని నరికి పొయ్యిలో పెట్టుకున్నారు. "మీ గోడలు ఎలా ఉంటాయి?" అని ముందే ఊళ్లో అడిగి ఉంటే ఎంత బాగుండేది!

2003లో ఆఫ్ఘన్ గ్రామీణాభివృద్ధి శాఖ దీన్ని తిరగేసింది. నేషనల్ సాలిడారిటీ ప్రోగ్రామ్ అని ఒకటి మొదలుపెట్టింది. రూల్స్ సింపుల్. ఊరివాళ్లు రహస్య ఓటుతో ఒక కౌన్సిల్‌ని ఎన్నుకోవాలి. కుటుంబానికి సుమారు 200 డాలర్ల లెక్కన, ఊరికి గరిష్ఠంగా 60,000 డాలర్లు వస్తాయి. మంచినీళ్లా, కరెంటా, కాలువా అన్నది ఊరే తేల్చుకోవాలి. ఖర్చులో కనీసం 10 శాతం ఊరివాళ్లు డబ్బుగానో, కూలి పనిగానో పెట్టాలి. లెక్కలు అందరికీ కనపడేలా అంటించాలి. చదువుకున్నవాళ్లు చదివి వినిపిస్తే, మిగతావాళ్లు నిలదీయొచ్చు కదా!

ఇది 30,000కు పైగా ఊళ్లకు చేరింది. మరి పనిచేసిందా? పరిశోధకులు 500 ఊళ్లు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం ఊళ్లకు ముందు ఇచ్చి, మిగతా సగంతో పోల్చి చూశారు. మంచినీళ్లు, కరెంటు మెరుగయ్యాయి. ఊరి వ్యవహారాల్లో ఆడవాళ్ల మాటకి కాస్త చోటు దొరికింది. కాలువలు, రోడ్ల విషయంలో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. ప్రభుత్వం మీద పెరిగిన నమ్మకం కూడా పనులు అయిపోయాక చాలావరకు తగ్గిపోయింది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఊరి చేతికి డబ్బు ఇస్తే బావి వస్తుంది, లైటు వెలుగుతుంది. కానీ దాంతోనే ఒక దేశం నిలబడిపోదు. 2021కి ముందు ఆఫ్ఘన్ ప్రభుత్వ ఖర్చులో దాదాపు 75 శాతం విదేశీ సాయం నుంచే వచ్చేది. 2021 ఆగస్టులో తాలిబన్లు తిరిగి రాగానే అభివృద్ధి సాయం చాలావరకు ఆగిపోయింది. టీచర్లు, నర్సుల జీతాలు కూడా ఆగాయి. వాళ్లు చేసిన తప్పేంటి?

అందుకే ఈసారి అలాంటి న్యూస్ కనిపిస్తే, ఎన్ని కోట్లు అన్న దగ్గరే ఆగకండి. ఏం కట్టాలో ఎవరు తేల్చారు? లెక్క ఎవరికి చూపించారు? ఆ డబ్బు రేపు ఆగిపోతే జీతాలు ఎవరిస్తారు? ఈ మూడూ అడగండి. మీకేమనిపించిందో కామెంట్స్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.